కత్తికి తగిలిన ఇసక

రంగులేసే యంత్రం ఇంకా నలభై నిమిషాలు అని చూపిస్తోంది. దానికేం పోయింది, ఎన్నయినా చూపిస్తుంది, గాజు స్లయిడును నీలం తొట్టిలో ముంచి, తీసి, కడిగి, గులాబీ తొట్టిలో ముంచడమే దాని బతుకు, తొందరంతా యోగేశ్వరిదే. ఈ ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా గడ్డలకు పేర్లు పెడుతున్న డాక్టర్ యోగేశ్వరి, స్లయిడ్లను తన గదికి తెప్పించుకోవడమే తప్ప వాటికోసం తనెన్నడూ కదలని యోగేశ్వరి, ఇప్పుడు టెక్నీషియన్ల గదిలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఒక్క స్లయిడు కోసం కాపలా కాస్తోంది. పన్నెండూ పది అయింది. రెండు గంటలకు కింది అంతస్తు థియేటర్లో సర్జన్ లిమ్ ఒక ఇరవై మూడేళ్ల కుర్రాడి కుడికాలు తుంటి దగ్గరికి తీసేస్తాడు. తియ్యమని రాసింది ఈమె. అంటే తియ్యమని రాయలేదు, గడ్డ పేరు రాసింది, అంతే, కాళ్లూ చేతులూ తియ్యమని ఈ వృత్తిలో వాళ్లు ఎప్పుడూ రాయరు, పేరు మాత్రమే రాస్తారు, ఆ పేరు చదువుకుని మిగతావాళ్లు కత్తులు నూరుకుంటారు. ఇప్పుడా పేరు తప్పేమోనని అనుమానం. ఇతరుల చూపు మీద అనుమానం ఆమెకు రోజూ ఉండేదే, తన చూపు మీద అనుమానం మాత్రం అన్నంలో రాయి తగిలినట్టుగా ఉంది.

అందరూ తిండికి పోయారు, ఒక్క టెక్నీషియన్ అమ్ములు తప్ప. పన్నెండు కొట్టాక ఈ సింగపూరులో ప్రళయం కూడా ఒంటిగంట దాకా ఆగాల్సిందే, పెద్దపెద్ద స్పెషలిస్టులు కూడా ఫుడ్‌కోర్టులో టిష్యూ పొట్లం పడేసి బల్ల చోప్ చేసుకోవడానికి, అంటే ముందే పట్టేసుకోవడానికి పరిగెడతారు, ఆ పరుగులో సగం ఓపిక చూపించి కేసు కాగితం నిండుగా రాస్తే ఎంత బాగుండు. రాయరు. ‘గడ్డ, తొడ’ అని రాస్తారు. ‘ముక్క పంపుతున్నాం, దయచేసి చూడండి’ అని రాస్తారు, చూడక నంజుకుంటామా. లిమ్ మరీను. ఆయన చేతులు బంగారం అంటారు, కావచ్చు, వడ్రంగి చేతులూ బంగారమే, ఎక్కడ కొయ్యాలో గీత గీసి ఇచ్చేవాళ్లు మాత్రం ఒకరుండాలి కదా. పైగా పిలుపేమో ‘యోగా’ అని, తనేదో కాళ్లు మడిపించి ఊపిరి పీల్చడం నేర్పే మనిషయినట్టు. ఈ మధ్య ఇంకో కొత్త శని, కంప్యూటరే స్లయిడు చూసి పేరు చెప్పేస్తుందని సూటు తొడుక్కుని అమ్మవచ్చాడొకడు. మీ పెట్టెను అడుగు నాయనా అని ఆమె ఒక స్లయిడు ఇచ్చింది, పెట్టె క్యాన్సర్ అంది, అది టమాటా తొక్క. ఆ రోజు ఆమె ఎంతో తృప్తిగా భోంచేసింది.

తన పద్ధతి వేరు. అందరూ ముందు కేసు కాగితం చదువుతారు, వయసెంత, గడ్డ ఎక్కడ, ఎన్నాళ్లుగా, స్కాన్‌లో ఏముంది, అన్నీ చదువుకుని అప్పుడు మైక్రోస్కోపులో తల పెడతారు, అది పుస్తకంలో రాసిన పద్ధతి, అంటే పిరికివాళ్ల పద్ధతి. యోగేశ్వరి కాగితాన్ని బోర్లా పెట్టేస్తుంది. ముందు స్లయిడు చూస్తుంది, గులాబీ చీటీ మీద పేరు రాస్తుంది, చీటీని కూడా బోర్లా పెట్టి, అప్పుడు కాగితం తిప్పి చదవమంటుంది. చుట్టూ ట్రైనీలు ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు. ఆమె చీటీ తిప్పుతుంది, కాగితం చెప్పేదీ చీటీ చెప్పేదీ అతికినట్టు సరిపోతాయి. రోగి అబద్ధం చెబుతాడు, రోగిని చూసినవాడు అరకొరగా రాస్తాడు, స్కాన్ చూసినవాడు కావచ్చు కాకపోవచ్చు అంటాడు, కణం ఒక్కటే అబద్ధం చెప్పదు. ఈ మాటను ఎవరో కాఫీకప్పు మీద అచ్చువేయించి ఆమె పుట్టినరోజుకి ఇచ్చారు. జకార్తా నుంచి, మనీలా నుంచి, కొలంబో నుంచి అట్టపెట్టెల్లో స్లయిడ్లు వస్తాయి, రెండు దేశాల వాళ్లు మూడు నెలలు తన్నుకుని తేల్చలేని గడ్డకు ఆమె టీ చల్లారేలోపు పేరు పెట్టి పంపింది. ఎక్కడా పట్టుమని ముప్పైమందికి కూడా రాని రకాలు ఆమె సొరుగులో పదకొండు ఉన్నాయి. మామూలు గడ్డలంటే ఆమెకు పాచిపని. కొవ్వు గడ్డలూ, పులిపిర్లూ, దెబ్బ తగిలి కట్టిన కాయలూ, అవన్నీ పక్క గదుల వాళ్లకి. ఆమె బల్ల మీదికి రావాలంటే గడ్డకు కూడా కాస్త అర్హత ఉండాలి.

తొమ్మిది రోజుల కింద వచ్చిన దానికి ఆ అర్హత ఉంది. సూదితో తొడలోంచి తీసిన మూడు ముక్కలు, సేమియా పోగులంత సన్నవి. స్లయిడు నిండా కణాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎక్కడ చూసినా రెండుగా చీలుతున్నవే, వాటి సందుల్లో లేత ఎముక పదార్థం గులాబీ నూలులా అల్లుకుని ఉంది. ఎముకను అంటకుండా ఒట్టి కండలో పుట్టిన ఎముక క్యాన్సర్, పదేళ్లకొకటి కనబడితే గొప్ప. ఆ క్షణాన గుండె ఝల్లుమంది, సంతోషంతో, అవును సంతోషంతోనే, ఇప్పుడీ స్టూలు మీద కూర్చుని అది ఒప్పుకోవడానికి ఆమెకు అసహ్యంగా ఉంది. పన్నెండోది, అనుకుంది. చీటీ మీద రాసేసింది. కాగితం చదివింది వర్షిత, ఈ ఊళ్లోనే పాసిర్ రిస్‌లో పుట్టి పెరిగిన హైదరాబాదు వాళ్లమ్మాయి, రెండో ఏడు ట్రైనీ. ఇరవై మూడేళ్లు, మగ, తొడలో గడ్డ, నాలుగు వారాలుగా పెరుగుతోంది, దెబ్బ ఏమీ తగల్లేదు. ఆ కింద స్కాన్ చూసినావిడ రాసిన ముక్క కూడా చదివింది, గడ్డ అంచున సన్నటి గట్టి గీత ఉన్నట్టుంది, దెబ్బ వల్ల కండలో కట్టే మామూలు ఎముక గడ్డ కాదని తేల్చుకోండి అని. చదివి ఊరుకోవచ్చు కదా. ‘ప్రొఫ్, అయితే ఎడ్జ్ చూడాలి కదా? మన స్లయిడ్‌లో ఎడ్జ్ మిస్సింగ్ లా, టోర్న్ అయిపోయింది,’ అంది, ఈ ఊరి అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించి. ‘దెబ్బ తగల్లేదని నువ్వే ఇప్పుడు చదివావు. చదివింది అర్థమవుతుందా నీకు?’ అంది యోగేశ్వరి, మిగతా ట్రైనీలు నేల చూశారు. అప్పుడు మాత్రం కాగితం మీద ఉన్నది సత్యం. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అంచు చూడాలని ఆ పిల్ల చెప్పాలా, మొదటి ఏడు పిల్లలకు ఆమే చెప్పే పాఠం అది. దెబ్బ తగిలిన కండలో పుట్టే గడ్డ నడుమ పిచ్చిపట్టినట్టు పెరుగుతుంది, క్యాన్సర్ లాగే కనిపిస్తుంది, కానీ అంచుకు వచ్చేసరికి ముదిరి బుద్ధిగా ఎముక అవుతుంది, కొన్నాళ్లకు తనంతట తనే చల్లబడుతుంది, దాని జోలికి పోనక్కర్లేదు. క్యాన్సర్‌కు ఆ బుద్ధి ఉండదు. నడుమ ఒక్కటే చూస్తే రెండూ ఒకటే. అలా నడుమ ఒక్కటే చూసి కాళ్లు తీయించిన ఊరూపేరూ లేని డాక్టర్ల కథలు చెప్పి ఆమె ఎన్ని సభల్లో ఎంతమందిని నవ్వించిందో లెక్కలేదు. వెధవలు, అనేది. చూడవలసిన చోట చూడని వెధవలు.

ఈ పొద్దున వార్డు నుంచి నర్సు ఫోను చెయ్యకపోతే ఇదేమీ కదిలేది కాదు. ‘డాక్టర్ యోగా, మీకు తెలుగు వచ్చు కదా?’ అంది. కాలు తియ్యడానికి రోగి సంతకం కావాలి, వాడికి ఇంగ్లీషు నాలుగు ముక్కలకు మించి రాదు. తమిళ దుబాసీని పంపారట, ఆయన తమిళమే కాస్త గట్టిగా అరిచి చూశాడట, గొంతు పెంచితే తెలుగవుతుందన్నట్టు. అసలు రోగి మొహం చూడక్కర్లేదనే కదా తను ఈ చదువు ఎంచుకుంది, ఇరవై ఆరేళ్లలో వార్డు మెట్టెక్కలేదు, అయినా వెళ్లింది, పన్నెండోదాన్ని మోస్తున్నవాడు ఎలా ఉంటాడో చూద్దామన్న చపలత్వం తప్ప అందులో దయా లేదు, ధర్మమూ లేదు. పేరు కూర్మారావు. శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. తువాస్‌లో ఓడల యార్డులో పని, పొద్దున్నే డార్మిటరీ నుంచి లారీ వెనకాల కూర్చుని పోవడం, చీకటిపడ్డాక అదే లారీలో రావడం. ఇలాంటి వాళ్లను ఆమె ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు అద్దంలోంచి చూసింది, నిద్రలో తలలు ఊగుతూ పోయే మనుషులు, హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని.

‘ఏటి మేడమ్, మీరు తెలుగోలా?’ అన్నాడు, కాలు పోతోందన్న సంగతి కాసేపు పక్కన పెట్టేసినట్టు. ఆమె చెప్పవలసింది చెప్పింది. చెడ్డ గడ్డ, కాలు ఉంచితే ప్రాణానికి ముప్పు, ఇక్కడ సంతకం పెట్టాలి. వాడు బుద్ధిగా విన్నాడు. ‘తీసెత్తారని తెలిసిందమ్మా. ఒక్క మాట అడగాల. నాకు గొట్టం తగిలింది కదా, దానివల్ల కాదేటి ఇది?’ అన్నాడు. ఏ గొట్టం అంది ఆమె. ‘యార్డులోనమ్మా. క్రేను మీద గొట్టం ఊగి ఈ తొడకే కొట్టేసింది. ఆరు వారాలు దాటింది. సెప్పొద్దన్నాడు సూపర్‌వైజరు. రెండొందల రోజులు ఏక్సిడెంటు లేకపోతే యార్డుకంతటికీ బిర్యానీ ఇత్తారు, నూట ఎనభైనాలుగో రోజుకి నాకు తగిలింది. సెప్తే బోర్డు మీద మళ్లీ సున్నా ఎట్టేత్తారు, మూడొందల మంది నన్నే తిట్టుకుంటారు. అందుకే డాక్టరడిగితే ఏటీ తగల్లేదని సెప్పినాను.’ బిర్యానీ ఇచ్చారా, అని అడిగింది యోగేశ్వరి, అడగవలసిన ప్రశ్న అది కాకపోయినా నోటికి అదే వచ్చింది. ‘ఇచ్చినారమ్మా. కోడి ముక్కలు మూడొచ్చినాయి నాకు,’ అన్నాడు. ఆ తర్వాత ఆమె చేసిన పని ఏమిటంటే, కాగితం ముందుకు తోసింది. ‘మీరు పెట్టమంటే పెట్టేత్తానమ్మా, మీరు మనోలు కదా,’ అని వాడు సంతకం పెట్టాడు, పేరులో ప్రతి అక్షరం విడివిడిగా.

మనవాళ్లట. ఆ ‘ఏటి’ అన్న మాట నానమ్మది. మలేషియాలో పేరాక్‌లో కొబ్బరి ఎస్టేటులో, సముద్రం దాటి డెబ్భై ఏళ్లయినా నానమ్మ నోట్లో ఆ మాట అలాగే ఉండేది, సింగపూరు వచ్చాక యోగేశ్వరి దాన్ని నాలుక మీంచి గీకి పారేసింది. నాన్న ఎస్టేటు ఆసుపత్రిలో డ్రెస్సరు. డాక్టరు కాదు, నర్సూ కాదు, తెల్ల నిక్కరు వేసుకుని కట్లు కట్టి మందునీళ్లు పోసే మనిషి. వచ్చిన ప్రతి కూలీనీ బెంచీ మీద కూర్చోబెట్టి పది ప్రశ్నలు అడిగేవాడు, ఎప్పట్నుంచి, ఏం చేస్తుంటే మొదలయింది, ఎక్కడైనా పడ్డావా, ఎవరైనా కొట్టారా, చెప్పు పర్లేదు నేనెవరికీ చెప్పను, ఇంటి దగ్గర అంతా బానే ఉందా. అరగంట అడిగి చివరికి అందరికీ అదే గులాబీరంగు నీళ్లు, అదే సీసాలోంచి. ఆ నీళ్లంటే ఆమెకు సిగ్గు, ఆ ప్రశ్నలంటే మరీ సిగ్గు, ఇంత మాట్లాడి ఏం కనిపెట్టావని నాన్నని ఒకసారి అడిగింది కూడా, కౌలాలంపూర్లో మెడిసిన్ చదువుతూ సెలవులకి వచ్చినప్పుడు. నాన్న నవ్వి సీసాకు మూత బిగించాడు. రోగి నోరు విప్పనక్కర్లేని వైద్యం కావాలనుకుంది, దొరికింది. ఎవరైనా కొట్టారా, పర్లేదు చెప్పు, అని ఈ కుర్రాణ్ణి నాలుగు వారాల్లో ఒక్కరంటే ఒక్కరు అడిగి ఉంటే. లిమ్ అలా అడగలేదు, అలా అడగాలంటే దుబాసీ కావాలి, దుబాసీ వస్తే భోజనం ఆలస్యమవుతుంది. తను అడగలేదు, అడగక్కర్లేదని ఆమె కాఫీకప్పు మీదే రాసి ఉంది.

వార్డు నుంచి తిన్నగా ఈ గదికే వచ్చింది పది గంటలకు. గడ్డ ముక్కల్ని మైనపు దిమ్మలో పెట్టి, వెంట్రుక కన్నా పలచగా కోసి స్లయిడు మీద పరిచేది అమ్ములు. అరవై ఒకటో ఏడు, జొహోర్ వైపు తెలుగువాళ్లు, బెడోక్‌లో ఉంటుంది, ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. ఇద్దరూ మలేషియా నుంచి వచ్చిన తెలుగువాళ్లే అయినా యోగేశ్వరి ఆమెతో ఇంగ్లీషులోనే మాట్లాడేది, పని చెప్పడానికి అది చాలు. ఆ దిమ్మ బయటికి తియ్యి అంటే అమ్ములు ఏ దిమ్మ అని అడగలేదు. ‘అప్పుడే చెప్పాను కదా డాక్టరమ్మా, పచ్చ కాగితం రాసి అంటించాను కూడా. ఒక కొస కెరాస్, గట్టి, కత్తికి ఇసక తగిలినట్టు గరగరమంది. ఇంకో కొస వెన్నలా పోయింది. మూడు పోగులూ అంతే, గట్టి కొస మూడిటికీ ఒకేవైపు. రెండు కత్తులు పోయాయి లా,’ అంది. గట్టి కొసలు కత్తికి చిరిగి నీళ్లలో కొట్టుకుపోయాయి, అందుకే స్లయిడులో అక్కడ ఖాళీ. ఆ పచ్చ కాగితం యోగేశ్వరికి గుర్తుంది. ‘కొయ్యడం చేతకానివాళ్లకు కబుర్లెక్కువ’ అని వర్షిత వినేలా అని దాన్ని చెత్తబుట్టలో వేసింది. అమ్ములు ఇప్పుడు దిమ్మ మొహాన్ని యాసిడ్‌లో నానబెట్టి, మంచు మీద చల్లబరిచి, గట్టి కొస మెత్తబడిందాకా ఆగి కోసింది, రెండు గంటలు పట్టింది, తిండికి పోలేదు. ఆ స్లయిడే యంత్రంలో ఉంది.

పది గంటలకే లిమ్‌కి ఫోను చెయ్యొచ్చు. చెయ్యలేదు. ముందు చూద్దాం, అనుకుంది, చూశాక చెబుదాం, ఒకవేళ అంచున ఏమీ లేకపోతే ఊరికే పరువు పోగొట్టుకోవడం ఎందుకు. ఇందులో కూడా ఒక మర్యాదైన దారి ఉంది, ఈ వృత్తిలో వాళ్లకు బాగా తెలిసిన దారి. పాత రిపోర్టును తప్పు అనకుండా దాని కింద ‘అదనపు వివరాలు’ అని చేర్చొచ్చు, మరిన్ని ముక్కలు పరిశీలించిన మీదట అని మొదలుపెట్టి, వినయంగా, తనే పట్టుబట్టి మరింత లోతుకి వెళ్లినట్టు. ‘సవరణ’ అని రాస్తే అది కమిటీకి వెళ్తుంది, జకార్తాకి తెలుస్తుంది, సభల్లో ఎవరో ఒకరు చెప్పి నవ్విస్తారు. రెండు గంటలకు కదా ఆపరేషను, ఒంటిగంటకల్లా స్లయిడు వస్తుంది, అన్నీ సరిపోతాయి. ఒక మనిషి కాలు పందెం పెట్టి తన పేరు కాపాడుకుంటున్న సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది, తెలిసీ స్టూలు మీంచి లేవలేదు. ఇన్నాళ్లూ లోకాన్ని వెధవలంటూ తిరిగిన మనిషికి ఆ మాట తనకెంత చక్కగా అతుకుతుందో ఇప్పుడు కనబడుతోంది. యంత్రం ఇరవై రెండు నిమిషాలు అంది.

తలుపు తోసుకుని వర్షిత వచ్చింది. ‘ప్రొఫ్, ఓటీ వాళ్లు కాల్ చేశారు. ముందు కేస్ క్యాన్సిల్ అయిందట, ఆ థై పేషెంట్‌ని ఆల్రెడీ కిందికి తీసుకెళ్లిపోయారు. ఇప్పుడే స్టార్ట్ చేస్తారు. లెగ్ రిసీవ్ చెయ్యడానికి మనల్ని రెడీగా ఉండమన్నారు,’ అంది. అవును, కాలు ఇక్కడికే వస్తుంది. పసుపుపచ్చ సంచీలో, మూత ఉన్న డబ్బాలో, ఈ గది పక్క గదిలోకే, పొడవు కొలిచి బరువు తూచి ముక్కలు తీసి మైనంలో పెట్టడానికి. అప్పుడు అంచు ఎంత కావాలంటే అంత కనిపిస్తుంది. యంత్రం ఇరవై ఒకటి అంది. యోగేశ్వరి అమ్ములు వైపు తిరిగింది. ‘అక్కా, మూడూ ఒకేవైపా? నిజంగా?’ అంది తెలుగులో. అక్కా అన్న మాటకు అమ్ములు ఒక క్షణం తికమకపడింది. తర్వాత కుడిచెయ్యి ఎత్తి చూపించింది, బొటనవేలి మొదట్లో కత్తి చక్రం తిప్పి తిప్పి కాయ కట్టిన చెయ్యి. ‘చేతికి తెలిసిపోతుంది డాక్టరమ్మా. కళ్లతో పని లేదు,’ అంది.

యోగేశ్వరి ఫోను చేస్తే థియేటర్లో స్పీకరులో పెట్టారు, వెనక ఏదో యంత్రం కూస్తోంది. ‘యోగా, మత్తు ఇవ్వబోతున్నాం, తొందరగా చెప్పు,’ అన్నాడు లిమ్. ఆపు, అంది. ‘కొత్త టెస్టు వచ్చిందా?’ అన్నాడు. అవునని చెబితే సరిపోయేది, ఆ మాటే నాలుక చివర్న ఉంది, మర్యాదైన మాట. ‘రాలేదు. నేనింకా ఏమీ చూడలేదు. కుర్రాడికి దెబ్బ తగిలింది, పొద్దున నాతో చెప్పాడు. గడ్డ అంచు గట్టిగా ఉందని అమ్ములు చెబుతోంది,’ అంది. ‘అమ్ములు ఎవరు?’ అన్నాడు లిమ్. ‘దిమ్మలు కోసే ఆవిడ,’ అంది. లిమ్ చోట తను ఉండి ఇంకెవరైనా ఇలా చెబితే ఏమని ఉండేదో ఆమెకు ప్రతి ముక్కా తెలుసు, ఆ ముక్కల కోసమే చెవి ఒగ్గి నిలబడింది. ‘అంటే, నువ్వు తప్పు చూశానంటున్నావా?’ అన్నాడు. ‘తప్పు చూశాను,’ అంది. ‘సరే. ఆపేశాం,’ అన్నాడు, ఫోను పెట్టేస్తాడనుకుంటే పెట్టలేదు. ‘నువ్వు రాసిన పేరు మీద నేను రెండో మాట అడగలేదు, యోగా, ఇన్నేళ్లలో ఎప్పుడూ,’ అన్నాడు నెమ్మదిగా. తిట్టలేదు. తిడితే ఆమెకు సుఖంగా ఉండేది, తిరిగి తిట్టడం బాగా వచ్చు.

స్లయిడు వచ్చింది, ఇంకా తడిగానే ఉంది. రెండువైపులా కళ్లు పెట్టుకునే మైక్రోస్కోపు, అటు వర్షిత, ఇటు తను. నడుమ అదే అల్లరి, తొమ్మిది రోజుల కింద ఆమెను మురిపించిన అదే గుంపు. అక్కణ్ణించి కొస వైపు జరిపితే కణాలు పలచబడ్డాయి, లేత ఎముక పేటలు పేటలుగా సర్దుకుంది, చివరన ముదిరిన ఎముక, పక్కన ఏ కణమూ అల్లరి చెయ్యకుండా. రెండో పోగూ అంతే. మూడోదీ అంతే. ఇంత తేలికైన స్లయిడు పరీక్షలో ఇస్తే పిల్లలు నవ్వుతారు. దెబ్బ తగిలి కట్టిన కాయ, పక్క గదుల వాళ్లకు పంపే పాచిపని. వర్షిత ఏదో అనబోయి ఊరుకుంది, ఆ ఊరుకోవడం యోగేశ్వరి నేర్పినదే. ‘నువ్వు ఆ రోజు సరిగ్గానే చెప్పావు,’ అంది ఆమె. ‘రిపోర్టు నువ్వే టైపు చెయ్యి. పైన సవరణ అని పెట్టు. ఎవరు తప్పు చూశారో రాయి.’ ఆ పిల్ల మొహంలో గెలిచిన సంతోషం వెతికింది, భయం తప్ప ఏమీ కనబడలేదు. తన చుట్టూ ఉన్న మొహాల్లో ఎప్పుడూ ఇదే ఉండేది కాబోలు. దీన్నే ఆమె ఇన్నేళ్లూ గౌరవం అనుకుంది.

కిందికి వెళ్లి చెప్పాలి, చెప్పగలిగినవాళ్లు ఇంకెవరూ లేరు, ఆ తమిళాయన మళ్లీ అరుస్తాడు. థియేటరు బయట తెరల గదిలో కూర్మారావు బండి మీద పడుకుని ఉన్నాడు, తలకు కాగితం టోపీ, తొడ మీద లిమ్ ఊదా రంగు పెన్నుతో గీసిన బాణం గుర్తు. లోపలికి తీసుకెళ్లి మళ్లీ బయటికెందుకు తెచ్చారో ఎవరూ చెప్పలేదు, కళ్లు అటూ ఇటూ పరిగెడుతున్నాయి. కాలు తియ్యరు, అంది ఆమె. క్యాన్సర్ కాదు. గొట్టం తగిలినందువల్లే, నువ్వు అడిగావే, అదే. కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. వాడు నమ్మడానికి కాసేపు పట్టింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, కళ్లనీళ్లు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోకుండా, ‘దేవతలాగ వొచ్చినావమ్మా. మాయమ్మకి సెప్తాను, నూకాలమ్మ గుళ్లో రోజూ మీ పేరున దీపం ఎట్టమని సెప్తాను,’ అన్నాడు. ఇక్కడితో వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు, నర్సు కూడా చిరునవ్వు నవ్వుతోంది. ఎప్పుడూ ఎవరి పొగడ్తా కాదనుకోని మనిషికి ఈ దండం మాత్రం ఒంటి మీద పాకుతున్నట్టుంది.

‘దండం పెట్టకు,’ అంది. ‘క్యాన్సరని రాసింది నేనే. కాగితం చదవకుండా, నిన్ను అడగకుండా ముందే పేరు పెట్టేశాను. పొద్దున నువ్వు గొట్టం సంగతి చెప్పాక కూడా సంతకం పెట్టించాను.’

కూర్మారావు చేతులు మెల్లగా దించాడు. అర్థం కాలేదేమో, మళ్లీ చెప్పాలేమో అనుకుంది. అర్థమయింది. కాళ్ల దగ్గర ముడతపడి ఉన్న దుప్పటి అందుకుని బాణం గుర్తు మీదికి లాక్కుని, తొడ అంతా కప్పుకుని, ఆ దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకున్నాడు. ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు, కోపంగా కాదు, యార్డులో ఒక తాడు ఎంత బరువు ఆపుతుందో చూసుకునే మనిషిలా.

‘ఇలాగ మరెవరికైనా తీసేసినారేటమ్మా?’ అన్నాడు.

‘తెలీదు,’ అంది యోగేశ్వరి.